నిరుటి పట్టిక చూసి టైటిల్ జోస్యాలా?

సంపాదకులకు,

ఇంగ్లిష్ ప్రీమియర్ లీగ్ ఫుట్‌బాల్ మొదలయ్యే ముందు పత్రికల్లో వచ్చే అంచనాల్లో నిరుటి పాయింట్ల పట్టిక, కొత్తగా కొన్న ఆటగాళ్ల ధరలు తప్ప మరేమీ కనబడడం లేదు. ముందు చూడాల్సింది గోల్స్ తేడా, అంటే కొట్టిన గోల్స్‌లోంచి ఇచ్చినవి తీసేస్తే మిగిలేది. ఒక్క గోల్‌తో గట్టెక్కినా, అయిదు గోల్స్‌తో చిత్తు చేసినా వచ్చేవి మూడు పాయింట్లే. అరకొర ఆధిక్యంతో గెలిచే అలవాటు ఏటా నిలవదు.

2019-20లో లివర్‌పూల్ 99 పాయింట్లతో విజేత, 81తో మాంచెస్టర్ సిటీ రెండో స్థానం. కానీ గోల్స్ తేడా సిటీకి 67, లివర్‌పూల్‌కు 52. మరుసటి ఏడు సిటీ 86 పాయింట్లతో టైటిల్ తీసుకుంది. లివర్‌పూల్ 69కి పడిపోయి మూడో స్థానంలో ఆగింది. డిఫెండర్ వాన్ డైక్ మోకాలి గాయం దెబ్బతీసిన మాట నిజమే. అయితే 99 మళ్లీ రావడం కష్టమని ఆ గాయానికి ముందే తెలుస్తోంది.

గోల్స్ తేడాను బట్టి ఎన్ని పాయింట్లు రావాలో ఎవరైనా కాగితం మీద లెక్క వేసుకోవచ్చు. 38 మ్యాచ్‌ల సీజన్‌లో ఒక జట్టుకు సగటున సుమారు 52 పాయింట్లు వస్తాయి. గోల్స్ తేడాను 0.65తో గుణించి దానికి కలపాలి, తేడా మైనస్ అయితే తీసేయాలి. 2023-24లో మాంచెస్టర్ యునైటెడ్ 57 గోల్స్ కొట్టి 58 ఇచ్చింది. లెక్కకు 51 రావాలి, వచ్చినవి 60. తర్వాతి సీజన్‌లో 42 పాయింట్లతో 15వ స్థానానికి జారింది. బ్రైటన్‌ది దీనికి తలకిందులు: 2020-21లో 40 కొట్టి 46 ఇచ్చి, 48 రావాల్సిన చోట 41తో 16వ స్థానంలో నిలిచింది. మరుసటి ఏడు 51 పాయింట్లు, తొమ్మిదో స్థానం.

గోల్స్‌లోనూ అదృష్టం పాలుంటుంది. అందుకే పెనాల్టీలు తీసేసి ఎక్స్‌జీ (ఎక్స్‌పెక్టెడ్ గోల్స్) చూడాలి. ఒక్కో షాట్ గోల్ అయ్యే అవకాశాన్ని కలిపితే వచ్చే మొత్తమది. 17 ఎక్స్‌జీకి 25 గోల్స్ కొట్టిన స్ట్రైకర్ నుంచి మళ్లీ 25 ఆశించకూడదు. గోల్‌కీపర్ అసాధారణ సేవ్‌లకూ ఇదే వర్తిస్తుంది.

ఆ తర్వాతే సవరణలు. యూరప్ పోటీలు లేని జట్టుకు వారం మధ్యలో విశ్రాంతి, సాధన దొరుకుతాయి. 2015-16లో పదో స్థానంలో ఉన్న చెల్సీ, యూరప్ మ్యాచ్‌లు లేని మరుసటి ఏడు కొత్త కోచ్ ఆంటోనియో కోంటే దగ్గర 93 పాయింట్లతో గెలిచింది. అదే 2016-17లో డిఫెండింగ్ చాంపియన్ లెస్టర్, యూరప్ పోటీ చాంపియన్స్ లీగ్ భారం మోస్తూ, మిడ్‌ఫీల్డర్ ఎన్గోలో కాంటేను చెల్సీకి వదులుకుని 12వ స్థానానికి దిగింది.

ఏ సూత్రానికీ అందనిది క్లబ్ ఖజానా. మన హైదరాబాద్ ఎఫ్‌సీ 2022-23 ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) లీగ్ దశలో రెండో స్థానంలో నిలిచింది. బకాయిలు, బదిలీల నిషేధం, ఆటగాళ్ల నిష్క్రమణ కలిసి 2023-24లో ఒకే ఒక్క గెలుపుతో అట్టడుగుకు చేర్చాయి. జీతాలు అందుతున్నాయా అన్నది గోల్స్ లెక్క కంటే ముందే వాకబు చేయాలి.

అంచనాలను ఆగస్టు మొదట్లో కాక బదిలీల గడువు ముగిశాక వేయండి. జట్టు పేరు పక్కన గోల్స్ తేడా, ఎక్స్‌జీ, యూరప్ మ్యాచ్‌ల సంఖ్య ఇవ్వండి. ఒకే విజేతను ప్రకటించే బదులు ఏ జట్టుకు నూటికి ఎంత అవకాశమో రాయండి. మే నెలలో ఆ అంకెలను ఫలితాల పక్కన మళ్లీ ముద్రించండి.

– ఒక ఫుట్‌బాల్ పాఠకుడు, హైదరాబాద్