విరిగిన ముక్క సంగతి రోగికి చెప్పరా?

సంపాదకులకు,

మధుమేహం ఉన్న మా నాన్నకు హైదరాబాదులోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కాలి రక్తనాళానికి స్టెంట్ వేయించాం. దేవరకొండకు తిరిగి వచ్చాక పాదం చల్లబడింది, చిటికెన వేలు నల్లబడసాగింది. నల్గొండలో మరో డాక్టరు ఎక్స్‌రే తీయిస్తే మోకాలి కింద గోరంత తెల్లని గీత కనిపించింది. అది విరిగిన కాథెటర్ (స్టెంట్ వేయడానికి రక్తనాళంలోకి పంపే సన్నని గొట్టం) కొన! డిశ్చార్జి కాగితంలో దాని ఊసే లేదు. ఆపరేషన్ చేసి ముక్కను తీశారు. పాదం దక్కింది, వేలు దక్కలేదు.

సున్నం పేరుకుని గట్టిపడిన రక్తనాళంలో కాథెటర్ కొన గానీ దాన్ని నడిపించే తీగ గానీ విరగడం అరుదుగానైనా జరుగుతుంది. అందుకు డాక్టరును తప్పుపట్టను. చెప్పకపోవడమే మింగుడుపడటం లేదు. ముక్క చుట్టూ రక్తం గడ్డకడితే పాదానికి రక్తం అందదు. వెంటనే గుర్తిస్తే చాలాసార్లు ఉచ్చులాంటి తీగతోనే బయటకు లాగవచ్చు. ముక్క లోపల ఉండిపోతే అది ఏ పదార్థం, ఎంత సైజు, ఎక్కడుంది, ఎంఆర్‌ఐ తీయించుకోవచ్చా అన్నవి రోగికి చెప్పాలని అమెరికా మందులు, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2008లోనే సూచించింది.

మన దేశంలోనూ వైద్య పరికరాల వల్ల జరిగే హానిని నమోదు చేసే మెటీరియోవిజిలెన్స్ కార్యక్రమం 2015 నుంచి ఉంది. ఘజియాబాద్‌లోని కేంద్ర ఆరోగ్య శాఖ సంస్థ ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ దాన్ని నడుపుతోంది. రోగులు కూడా ఫిర్యాదు చేయవచ్చు. ఈ సంగతి మా ఊళ్లలో ఎందరికి తెలుసు? జిల్లా వైద్యాధికారులు ప్రతి ఆసుపత్రిలో తెలుగులో బోర్డు పెట్టించాలి. వాడిన ప్రతి పరికరం లాట్ నంబరును (అది తయారైన బ్యాచ్‌ను తెలిపే నంబరు) డిశ్చార్జి కాగితంపై రాసి ఇప్పించాలి.

– ఒక పాఠకురాలు, దేవరకొండ, నల్గొండ జిల్లా