మీ ప్రసవ శ్వాస తరగతుల మూడో పాఠంపై ఫిర్యాదు

వినియోగదారుల సేవా విభాగం మేనేజర్ గారికి,

నమస్కారం. మీ యాప్‌లో డబ్బు కట్టి మా చెల్లెలు చేరిన ‘నొప్పి తెలియని కాన్పు’ తరగతుల గురించి ఆమె తరఫున రాస్తున్నాను. నేను ప్రభుత్వాసుపత్రి కాన్పుల వార్డులో స్టాఫ్ నర్సును.

నొప్పులు మొదలవగానే చెల్లెలు మీ మూడో పాఠం పెట్టుకుంది. ‘హి, హి, హూ’ అంటూ ఆ గొంతు తరుముతూనే ఉంటుంది. నొప్పికీ నొప్పికీ మధ్య విరామంలో కూడా ఆగమనదు. కాసేపటికే పెదవుల చుట్టూ తిమ్మిరి, కళ్లు తిరగడం, వేళ్లు కొంకర్లు పోవడం! ఫిట్స్ వస్తున్నాయేమోనని ఇంట్లోవాళ్లు హడలిపోయి, నేను డ్యూటీలో ఉన్న ఆసుపత్రికే తీసుకొచ్చారు. చూస్తే బీపీ మామూలుగానే ఉంది. అదేపనిగా గబగబా ఊపిరి తీసి వదలడంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గింది, అంతే. ఫోను కట్టేశాను. ముక్కుతో నెమ్మదిగా పీల్చి, ఎదురుగా దీపం ఉంటే అది రెపరెపలాడాలి గానీ ఆరకూడదన్నంత సన్నగా నోటితో వదలమన్నాను. బిగుసుకున్న భుజాలు దిగాయి, వేళ్లు విచ్చుకున్నాయి. అప్పటికి గర్భాశయ ముఖద్వారం మూడు సెంటీమీటర్లే తెరుచుకుంది. అసలు నొప్పులు ముందుండగానే మనిషి అలిసిపోయింది.

ఇది లమాజ్ పద్ధతి అని మీ ప్రతినిధి జవాబు. ఫ్రెంచ్ వైద్యుడు ఫెర్నాండ్ లమాజ్ 1951లో సోవియట్ యూనియన్‌లో చూసివచ్చి ఫ్రాన్స్‌లో ప్రచారం చేసిన పద్ధతిలో వేగపు ఊపిరి ఉన్నమాట నిజమే. కానీ ఆ పేరుతో ఇప్పుడు నేర్పేవాళ్లే అందరికీ ఒకే లెక్క పెట్టడం మానుకున్నారు. చిన్న చిన్న ఊపిరులు అక్కరకొచ్చే ఘడియ వేరే ఉంది: బిడ్డ తల బయటపడుతున్నప్పుడు, ముక్కడం ఆపి తల మెల్లగా రానివ్వడానికి. ఆ ఊసే మీ పాఠాల్లో లేదు. పైగా ఐదో పాఠంలో, ఊపిరి బిగబట్టి పది లెక్కపెట్టేదాకా ముక్కమన్నారు. తల్లికి ముక్కాలనిపించిన తీరునే అనుసరించనివ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లోనే చెప్పింది.

ఊపిరి సాధన మీద నమ్మకం లేక కాదు. నొప్పిని ఓర్చుకునేందుకు దాన్ని కూడా ఆ సంస్థ సిఫారసు చేసింది, వార్డులో నేనూ చేయిస్తుంటాను. ఊపిరి ఒక్కదానితో నొప్పే తెలియని కాన్పు చూసే భాగ్యం మాత్రం నాకింకా దక్కలేదు.

పాఠాలు విన్నారు కాబట్టి డబ్బు వాపసు రాదన్నారు. వినబట్టే కదా ఈ తిప్పలన్నీ! ఆ రుసుము పూర్తిగా తిరిగివ్వండి. మూడు, ఐదు పాఠాలు తీసేసి, అనుభవమున్న మంత్రసాని నర్సుల చేత సరిచేయించండి. ఇప్పటికే చేరిన గర్భిణులందరికీ, తిమ్మిరి గానీ కళ్లు తిరగడం గానీ అనిపిస్తే ఊపిరి వేగం తగ్గించమనీ, తగ్గకపోతే ఆసుపత్రికి వెళ్లమనీ సందేశం పంపండి. ఇది ఈరోజే చేయవలసిన పని, మిగతావాటికి 15 రోజులు ఆగుతాను. ఆపైన జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోను చేసి, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కు వెళతాం.

రశీదు, మీ ప్రతినిధి జవాబు జతచేస్తున్నాను.

ఇట్లు,
(సంతకం)