పాపకు, నాన్న

పాపా,

మొన్న కావలి పిన్ని మాటల్లో మాటగా అంది, మీ ఆఫీసులో రెండు నెలలుగా జీతాల్లేవంట అని. నువ్వేమో పది రోజులుగా ఫోన్ ఎత్తడం లేదు. సరే, దాని గురించి అడగడానికి రాయడం లేదులే. బుజ్జోడికి జ్వరం తగ్గింది. మీ అమ్మ మోకాలు అట్లాగే ఉంది.

సంక్రాంతికి నువ్వు చూపించిన మీ స్వచ్ఛంద సంస్థ ఆడిట్ కాగితాలు మళ్లీ తీశాను. సొసైటీలో ముప్పై ఏళ్లు పద్దులు రాసినవాణ్ణి, చూడకుండా ఉండలేను. నాలుగేళ్ల కిందట కొత్త నిధులు రాకపోయినా ఏడాది నడిచేంత సొంత డబ్బుండేది, పోయిన మార్చి 31కి అది మూడు నెలలకు దిగింది. బ్యాంకులో ఇంకా ఉంది కదా అంటావేమో, అది ప్రాజెక్టు డబ్బు, నీళ్ల సర్వేకిచ్చింది ఆ సర్వేకే పెట్టాలి, అద్దెకు తీస్తే రేపు దాతకు లెక్క చెప్పలేరు. పైగా విదేశీ విరాళాల్లో ఆఫీసు ఖర్చులకు వాడుకోగల వాటాను ప్రభుత్వం 2020లో 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గించింది. అన్నిటికంటే నాకు టెన్షన్ ఏందంటే, మీకొచ్చే నిధుల్లో ముప్పావు వంతు ఒక్క దాత దగ్గర నుంచే వస్తోంది.

1992లో నేనూ మీ పెదనాన్నా విడవలూరు దగ్గర కౌలుకు తీసుకొని రొయ్యల గుంటలు తవ్వాం. మూడు పంటలు బ్రహ్మాండంగా వచ్చాయి. ఆ డబ్బంతా పెట్టి పక్క మూడెకరాలు తీసుకున్నాం, జనరేటరు కొన్నాం, మీ అమ్మ వద్దు వద్దంటున్నా వరి చేను కూడా తవ్వేశాం. 94 చివర్లో రొయ్యలకు వైట్ స్పాట్ జబ్బు వచ్చింది. పొద్దున పోయి చూస్తే రొయ్యలు గట్టు వారకు తేలుతున్నాయి, పెంకుల మీద తెల్లటి చుక్కలు, వారం తిరక్కుండా గుంటలన్నీ ఖాళీ. మీ పెదనాన్న రెండు రోజులు గట్టు మీదే కూర్చున్నాడు, క్యారియర్ పంపితే మూత కూడా తియ్యలేదు. జబ్బు రావడం మా తప్పు కాదు, మూడు పంటల లాభంలో ఒక్క పంట ఖర్చు పక్కన పెట్టకపోవడం మాత్రం మా తప్పే. అమ్మ గాజులు అప్పుడే పోయాయి.

మీ డైరెక్టరు గారిని మర్యాదగా అడుగు, ఏటా ఆదాయంలో 15 శాతం దాచుకోవడానికి పన్ను చట్టమే ఒప్పుకుంటుంది గదా, బాగా వచ్చిన ఏళ్లలో ఆ పని చేశారా అని. పీఎఫ్ కట్టారో లేదో పాస్‌బుక్కులో నువ్వే చూసుకో.

మానెయ్యమనడం లేదమ్మా. కనిగిరి వైపు బోర్ల నీళ్లలో ఫ్లోరైడ్ ఏటా కొలిచి రాసే పని, ఒక్క ఏడాది తప్పితే మళ్లీ వెనక్కి పోయి కొలవలేరు. అందుకే మీ ఆఫీసు నిలబడాలని నాకూ ఉంది.

ఇంటి అద్దె కట్టావా? ఖాతాలో ఇరవై వేలు వేశాను, తిరిగి పంపొద్దు. ఆర్టీసీ పార్శిల్లో నిమ్మకాయ ఊరగాయ, మలై కాజా పంపాను, కాజా రెండు రోజుల్లో తినెయ్. పార్శిల్ తెచ్చుకోగానే ఫోన్ చెయ్యి, జీతం వచ్చిందో లేదో ఆ ఒక్క మాట చెప్పు.

నాన్న