విద్యుత్ కేంద్రం గడువును ఏ తేదీ నుంచి లెక్కించాలి?

సంపాదకులకు నమస్కారం.

యాసంగి వరి పొట్టకొచ్చే రోజుల్లో రాష్ట్రంలో కరెంటు వాడకం ఏటా పెరుగుతూ పోతోంది. 2025 మార్చిలో గరిష్ఠ డిమాండు 17 వేల మెగావాట్లు దాటింది. ఆ లెక్క పత్రికల్లో వచ్చినప్పుడల్లా దాని వెనకే ఫలానా చోట కొత్త థర్మల్ కేంద్రం కడతామని, మూడు నాలుగేళ్లలో పూర్తి చేస్తామని మరో వార్త వస్తుంది. పాలమూరు వైపు కూడా అలాంటి కేంద్రం పెట్టాలన్న ఆలోచన వినిపిస్తున్నందున, ఆ గడువు ఎందుకు నిలబడదో మా నల్లగొండ జిల్లా అనుభవాన్ని బట్టి చెప్పదలిచాను.

దామరచర్ల మండలం వీర్లపాలెం దగ్గర 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రానికి 2015 జూన్ 8న శంకుస్థాపన జరిగింది. ప్లాంటు భూమిలో సింహభాగం అటవీ భూమి కావడంతో ముందు దాని బదలాయింపు కావలసి వచ్చింది. పర్యావరణ అనుమతి 2017 జూన్‌లో గానీ రాలేదు. రాష్ట్ర విద్యుత్ ఉత్పత్తి సంస్థ జెన్‌కో, యంత్రాలు తయారుచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ బీహెచ్‌ఈఎల్‌కు పని అప్పగించేసరికి అదే ఏడాది అక్టోబర్ వచ్చింది. అంటే శిలాఫలకం వేసిన రెండేళ్ల తరువాత గానీ గడియారం మొదలు కాలేదు. మధ్యలో కరోనా వచ్చింది. 2022 సెప్టెంబర్ చివర జాతీయ హరిత ట్రిబ్యునల్, ప్రభావ అధ్యయనం సరిపోదంటూ పర్యావరణ అనుమతిని నిలుపుదల చేయగా, మళ్లీ అధ్యయనాలు, మళ్లీ ప్రజాభిప్రాయ సేకరణ జరిగి 2024లో గానీ ఆ చిక్కు వీడలేదు. ఐదు యూనిట్లలో ముందుగా సిద్ధమైన రెండో యూనిట్‌ను 2024 డిసెంబర్‌లోనూ, ఒకటో యూనిట్‌ను 2025 ఆగస్టులోనూ జాతికి అంకితం చేశారు. శంకుస్థాపన నుంచి లెక్కిస్తే పదేళ్లకు వచ్చినవి రెండు యూనిట్లు.

ఇది పనిచేసేవాళ్ల చేతగానితనం అనుకుంటే పొరపాటు. అదే జెన్‌కో, అదే బీహెచ్‌ఈఎల్ పాల్వంచలో కొత్తగూడెం థర్మల్ కేంద్రం ఏడో దశ కింద 800 మెగావాట్ల యూనిట్‌ను 2015లో మొదలుపెట్టి 2018 డిసెంబర్‌కు ఉత్పత్తిలోకి తెచ్చాయి. అక్కడ భూమి ఉంది, నీళ్లున్నాయి, బొగ్గు వచ్చే దారి ఉంది, కరెంటు బయటికి పోయే లైన్లున్నాయి. మణుగూరు దగ్గర భద్రాద్రి కేంద్రాన్ని రెండేళ్లలో కడతామన్నారు. పర్యావరణ అనుమతి చేతికి రాకముందే పని మొదలుపెట్టి ట్రిబ్యునల్ చేత ఆపించుకున్నారు. మొదటి యూనిట్ 2020లో, నాలుగోది 2022లో వచ్చాయి. తొందరపడినందువల్ల కలిసివచ్చిన కాలం ఏమీ లేదు.

యంత్రాల పనికి పట్టే నాలుగేళ్లను కుదించమని నేను అడగను. ఎందుకో తెలియడానికి ఒక పని చెబుతాను. బాయిలర్‌లో పుట్టిన ఆవిరిని నేరుగా టర్బైన్‌కు వదలరు. గొట్టాల్లో మిగిలిపోయిన వెల్డింగ్ రజను, తుప్పు పెళ్లలు ఆ వేగంతో వచ్చి బ్లేడ్లకు తగిలితే టర్బైన్ పాడైపోతుంది కనుక, ముందు ఆవిరిని గొట్టాల గుండా బయటికి ఊదుతారు. చుట్టుపక్కల ఊళ్లకు వినబడే హోరు అదే. ఆవిరి దారిలో నునుపుగా సానబెట్టిన లోహపు పలకను పెట్టి, దాని మీద పడ్డ గుంటలను కంటితో చూసి లెక్కపెడతారు. గుంటలు హద్దులోకి వచ్చేదాకా ఊదడం, పలక మార్చడం, మళ్లీ ఊదడం. మంత్రిగారు వచ్చే తేదీ ఖరారైందని ఆ పలక ఒప్పుకోదు. ఆ తరువాత గ్రిడ్‌తో అనుసంధానం, ఆపైన 72 గంటలు ఆగకుండా పూర్తి లోడుతో నడిపి చూపితేనే వాణిజ్య ఉత్పత్తి మొదలైనట్టు.

కుదించవలసింది యంత్రాల పనికి ముందు గడిచే కాలాన్ని, దాని పక్కన సాగే పనులకు పట్టే కాలాన్ని. యాదాద్రి బొగ్గు గనులకు దూరంగా ఉంది; విష్ణుపురం స్టేషన్ నుంచి రైలు మార్గం వేయవలసి వచ్చింది, కృష్ణ నుంచి నీళ్లు తేవలసి వచ్చింది, సబ్‌స్టేషన్లూ లైన్లూ కట్టవలసి వచ్చింది. వీటిలో ఏ ఒక్కటి వెనకబడినా, నిలబడిన బాయిలర్ ఖాళీగా ఉండాల్సిందే.

ఆలస్యానికి డబ్బు కట్టేది మనమే. యాదాద్రి అంచనా మొదట 25 వేల కోట్ల రూపాయల పైచిలుకు. తరువాత 34 వేల కోట్లు దాటింది. నిర్మాణ కాలంలో అప్పు మీద పెరిగే వడ్డీ కూడా ప్రాజెక్టు వ్యయంలో కలుస్తుంది. అందులో విద్యుత్ నియంత్రణ మండలి ఎంత అనుమతిస్తే అంత స్థిర చార్జీల రూపంలో ఏళ్ల తరబడి మనం కట్టే కరెంటు ధరలోకి వస్తుంది. మిర్యాలగూడ రైసు మిల్లులకైనా, ఇంటి మీటరుకైనా ఈ లెక్క తప్పదు. ఇక ప్లాంటు వస్తే దొరుకుతుందనుకునే కొలువు మాటకొస్తే, 2015లో ఇంటర్ చదువుతున్న తండా పిల్లవాడికి ఇప్పుడు ముప్పై దగ్గరపడుతోంది. అతని పదేళ్లు ఏ వ్యయ అంచనాలోనూ కనబడవు.

సోలార్ అయితే ఏడాదిన్నరలోపే కట్టవచ్చు గదా అనేవారున్నారు. నిజమే, పగటి పూట బోర్ మోటార్లకు అంతకన్నా త్వరగా అందివచ్చేది లేదు, దాన్ని తప్పక పెంచాలి. కానీ పొద్దుగూకాక పెరిగే వాడకానికి నిల్వ ఏర్పాటు వేరే కావాలి. పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతలలో ఒక్కో పంపు 145 మెగావాట్లది. అలాంటివి వరసగా నడిచే రోజు వస్తే ఆ కరెంటు ఎక్కడి నుంచి తెస్తామో ఇప్పుడే ఆలోచించాలి. జలవిద్యుత్తును నమ్ముకుందామన్నా జూరాల ఆనకట్ట 1990ల మధ్యలో నీళ్లు నిలిపితే, అక్కడ కరెంటు పుట్టడం 2008లో మొదలైంది.

కాబట్టి ప్రభుత్వానికి, జెన్‌కోకు నా విన్నపం ఇది. భూమి, అటవీ, పర్యావరణ అనుమతులు చేతికొచ్చేదాకా కొత్త కేంద్రానికి శంకుస్థాపన చేయవద్దు. ప్రకటించేటప్పుడు ఒక్క పూర్తయ్యే తేదీ కాకుండా, అనుమతులు, రైలు మార్గం, నీటి పైపు, లైన్లు, నిర్వాసితుల పునరావాసం దేనికది విడివిడిగా తేదీలు వేసి మండల కార్యాలయంలో తెలుగులో అంటించాలి. మూడు నెలలకోసారి ఏది ఎంత వెనకబడిందో, దానివల్ల వడ్డీ ఎంత పెరిగిందో అదే కాగితం మీద రాయాలి. యాదాద్రిలో మిగిలిన పనులకు ఆ కాగితం దామరచర్లలోనే మొదట అంటించవచ్చు.

ఇట్లు,
విద్యుత్ శాఖలో పనిచేసి విరమించిన ఒక పాఠకుడు,
మిర్యాలగూడ, నల్లగొండ జిల్లా