కెమెరాకూ ఎండలో పరీక్ష పెట్టండి

సంపాదకులకు నమస్కారం.

నేను సబ్‌స్టేషన్లలో 29 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. ఎండాకాలం లోడు పెరిగితే వదులుగా ఉన్న జంపర్లు (లైన్లను కలిపే తీగ ముక్కలు), క్లాంపులు (తీగను బిగించే పట్టీలు) కాలిపోతాయి. కాలకముందే ఆ వేడిని పట్టిస్తుందని థర్మల్ కెమెరా ఇచ్చారు. నిజంగా మంచి పనిముట్టు. కానీ మన ఎండకు ఆ కెమెరా ఎలా తట్టుకుంటుందో ముందుగా ఎవరూ చూడటం లేదు.

ఒక మే నెల మధ్యాహ్నం ఏసీ జీపు దిగీ దిగగానే 33 కేవీ ఐసోలేటర్‌ను (లైన్‌ను విడదీసే స్విచ్చిని) కెమెరాతో చూశాం. మూడు ఫేజుల్లో బి ఫేజు క్లాంపు 78 డిగ్రీలుందని చూపింది. మిగతా రెండు ఫేజులతో పోల్చి చూడాల్సింది, అంకె చూసి కంగారుపడ్డాం. లైన్ క్లియర్ (లైన్ ఆపి పనిచేసే అనుమతి) తీసుకుని గంటన్నర సేపు ఊళ్లకు కరెంటు ఆపాం. విప్పితే ఏ లోపమూ లేదు. ఆ ఎండలో ఫ్యాన్ లేక పసిపిల్లలు, ముసలివాళ్లు ఎంత అల్లాడారో తలుచుకుంటే ఇప్పటికీ బాధే.

అనుమానం తీరక మర్నాడు స్టీలు గ్లాసులో దంచిన ఐసు, నీళ్లు పోసి నీడలో పెట్టాం. గ్లాసును కాదు, నీళ్లనే చూడాలి. మెరిసే స్టీలు చుట్టూ ఉన్న వేడిని అద్దంలా చూపిస్తుంది. ఐసు కరిగేది లంబసింగిలోనైనా కొత్తగూడెంలోనైనా సున్నా దగ్గరే కదా! జీపు దిగిన వెంటనే కెమెరా 6 డిగ్రీలంది. అరగంట బయట ఉంచాక 1కి వచ్చింది.

ఈ రకం కెమెరాల్లో సెన్సర్‌ను చల్లబరిచే ఏర్పాటు ఉండదు. కెమెరా ఒంటి వేడి, లెన్సు వేడి కూడా లెక్కలో కలుస్తాయి. లోపల షట్టర్ టక్కున పడి సరిచేస్తుంది గానీ, చల్లటి జీపులోంచి ఒక్కసారిగా 44 డిగ్రీల్లోకి తెస్తే కుదురుకోవడానికి టైం పడుతుంది. తేడా 2 డిగ్రీలు లేదా 2 శాతమేనని చాలా కెమెరాల కాగితాల్లో ఉంటుంది. అది బయట 15 నుంచి 35 డిగ్రీలు ఉన్నప్పటి మాటని కొన్నింటిలో పక్కనే చిన్న అక్షరాల్లో రాస్తారు. మనకు మే నెలలో 35 ఎక్కడిది?

విద్యుత్ సంస్థలకు నా విన్నపం ఒకటే. కొనేముందే 45 డిగ్రీల వేడిలోనూ, చింతపల్లి వైపు జనవరి తెల్లవారుజాము చలిలోనూ కెమెరాను పరీక్షించండి. సబ్‌స్టేషన్‌లో వాడే ముందు అరగంట నీడలో ఉంచి, ఐసు గ్లాసుతో చూసి, ఆ రీడింగును లాగ్‌షీట్‌లో రాయించండి. వచ్చే ఏప్రిల్‌లోపే ఇది మొదలుపెట్టాలి.

– ఒక విశ్రాంత సబ్ ఇంజినీర్, కొత్తగూడెం