గుమ్మడికాయలు పాడైపోయినందుకు క్షమించండి, తప్పు నాదే

అందరికీ నమస్కారం.

ఈ నెల 18, శనివారం నాడు మన బొమ్మల క్లాసులో పిల్లలు హాలోవీన్ కోసం చెక్కిన గుమ్మడికాయలు చాలా ఇళ్ళల్లో కుళ్ళిపోయాయి. మంగళవారం పొద్దున్నే మొదటి ఫోటో వచ్చింది. నవ్వుతున్న నోరు లోపలికి ముడుచుకుపోయి, మూత అంచున నల్లటి బూజు పట్టి, కింద గడప మీద జిగురునీళ్ళు కారి ఉన్నాయి. గురువారానికి అలాంటి ఫోటోలు పదకొండు వచ్చాయి. బడి నుంచి వచ్చి దాన్ని చూసి పాప ఏడ్చేసిందని ఒకమ్మ రాశారు. అది చదివాక నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

కాయలు మంచివే. ఫ్లాయిడాడా వైపు తోటల్లో పండినవి. టెక్సస్‌లో గుమ్మడికాయల రాజధాని అని ఆ ఊరికే పేరు. తప్పంతా తేదీది. చెక్కిన కాయ చల్లటి చోటైతే ఓ వారం నిలుస్తుంది. మన డాలస్ ఎండకి మూడు నాలుగు రోజులు ఉంటే గొప్ప. ఈ సంగతి నాకు తెలుసు. కానీ 25న గది ఖాళీ లేదన్నారు, క్లాసు పూర్తిగా మానేస్తే ఈ నెల అద్దెకి ఇబ్బంది. అందుకే 31న వచ్చే హాలోవీన్‌కి పదమూడు రోజుల ముందే పెట్టేశాను. అలా చేసి ఉండకూడదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆ రోజు పదహారు మంది పిల్లలకి పెద్దవాళ్ళం ముగ్గురమే. చాకు పని మేం చేస్తుంటే చిన్నపిల్లలు చూస్తూ కూర్చున్నారు. వాళ్ళు నిజంగా ఆనందపడింది గుజ్జు తీసేటప్పుడే. ఒక బాబు మోచేతిదాకా చెయ్యి పెట్టి పీచు లాగి, ముందు "ఛీ" అన్నాడు. తర్వాత గింజలన్నీ ఏరి, పేపరు మీద పదేసి చొప్పున వరసలు పేర్చడం మొదలెట్టాడు. ఇంటికి వెళ్దామంటే లేవడే!

అందుకని వచ్చే బుధ, గురువారాల్లో, అంటే 29, 30 తేదీల్లో, సాయంత్రం 5 నుంచి 7 దాకా మళ్ళీ చెక్కుదాం. 18న వచ్చినవాళ్ళు ఒక్క డాలరు కూడా కట్టక్కర్లేదు, కాయ నేనే ఇస్తాను. రావడం కుదరకపోతే చెప్పండి, మీరు కట్టిన 25 డాలర్లూ వెనక్కి పంపేస్తాను.

ఈసారి ఆరేళ్ళలోపు పిల్లలకి చాకు ఉండదు. రంగులు వేస్తారు, లేదా కుకీ అచ్చుని కాయ మీద పెట్టి, అమ్మో నాన్నో పట్టుకుంటే రబ్బరు సుత్తితో కొడతారు. అంతకన్నా పెద్ద పిల్లలు కాగితం మీద ముఖం గీసి, కాయకి టేపుతో అతికించి, గీత వెంట చిల్లులు పొడుస్తారు. కోసేది పెద్దవాళ్ళే. పదేళ్ళు దాటిన పిల్లలకి మాత్రం చిన్న రంపం ఇస్తాం, పక్కన ఒక పెద్దమనిషి ఉండాల్సిందే. కాబట్టి దయచేసి పిల్లలని దింపేసి వెళ్ళిపోకండి.

పోయినసారి తొడిమ చుట్టూ మూత కోశాం. ఎండేకొద్దీ అది ముడుచుకుని లోపలికి పడిపోయింది. ఈసారి అడుగున కోద్దాం. దీపం మీద బోర్లిస్తే సరిపోతుంది. లోపల గోడని అంగుళం మందానికి వచ్చేదాకా గీకాలి, తడి పీచు మిగిలితే బూజు అక్కడే మొదలవుతుంది. గ్యాలన్ నీళ్ళలో ఒక టేబుల్ స్పూన్ బ్లీచ్ కలిపి ముంచే పని నేను చేస్తాను. ఆరాక కోసిన అంచులకి వ్యాజిలైన్ రాయండి. కొవ్వొత్తి వద్దు, ఎల్‌ఈడీ దీపం పెట్టండి. రాత్రిపూట ఫ్రిజ్‌లో చోటుంటే అందులో ఉంచండి.

ఆ రోజు ఒక బామ్మగారు నా పక్కకి వచ్చి, "ఆడవాళ్ళు నిండు గుమ్మడికాయ కొయ్యకూడదమ్మా, ముందు మగవాళ్ళచేత ఓ గాటు పెట్టించాలి" అన్నారు. మా అమ్మ కూడా అదే అనేది. వాళ్ళబ్బాయిగారినే పిలిచి మొదటి గాటు పెట్టించాను, ఆవిడ మొహం ఎంత విప్పారిందో! మీ ఇంట్లో కూడా ఆ పట్టింపు ఉంటే ముందే చెప్పండి, అలాగే చేద్దాం.

ఈసారి నాలుగు టర్నిప్ దుంపలు కూడా తెస్తున్నాను. ఐర్లండ్‌లో మొదట ఈ ముఖాలు చెక్కింది వాటిమీదే. అక్కడినుంచి అమెరికా వచ్చినవాళ్ళు గుమ్మడికాయకి మారారు. ఆ గట్టి దుంపని చెంచాతో తవ్వి చూస్తే ఎందుకు మారారో పిల్లలకి చేతికే తెలుస్తుంది.

గింజలు పేర్చిన ఆ బాబు లెక్క 412 దగ్గర ఆగింది. మిగిలిన గింజలు కడిగి, ఆరబెట్టి, అతని పేరు రాసి డబ్బాలో దాచాను. బుధవారం వాళ్ళమ్మగారు బాబుని తీసుకొస్తానన్నారు.