బుజ్జమ్మ రెండు పడవలు

ఒరేయ్ రవీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. బుజ్జమ్మ కూచిపూడీ వదలదు, హిప్‌హాపూ వదలదు, ఇప్పుడు నాటకాలు కూడా అంటోందని రాశావు. "రెండు పడవల మీద కాళ్లు పెడితే ఏమవుతుందిరా" అని అడిగావు. నాకు వెంటనే నాట్యకారుడు అక్రమ్ ఖాన్ గుర్తొచ్చాడు.

ఆయన 1974లో లండన్‌లో పుట్టాడు. అమ్మానాన్నలు బంగ్లాదేశ్ నుంచి వెళ్లినవాళ్లు. ఏడేళ్లప్పుడు ప్రతాప్ పవార్ గారి దగ్గర కథక్‌కి చేరాడు. పదమూడేళ్లకి పీటర్ బ్రూక్ అనే ఇంగ్లీషు దర్శకుడి మహాభారతం నాటకంలో వేషం దొరికింది. అందులో ద్రౌపది ఎవరనుకున్నావ్, మన కూచిపూడి నేర్చిన మల్లికా సారాభాయ్! తర్వాత కాలేజీలో ఆధునిక నృత్యం చదువుతుంటే, ఒంట్లో ఉన్న కథక్ దాంతో కలిసి కలగాపులగమైపోయిందట. దాన్ని ఫ్యూజన్ అనడు, కన్‌ఫ్యూజన్ అంటాడు. ఆ గందరగోళాన్నే పట్టుకుని తన పద్ధతి తయారుచేసుకున్నాడు రా.

2011లో ఆయన చేసిన 'దేశ్' అనే నృత్య ప్రదర్శన గురించి చెప్పాలి నీకు. స్టేజీ మీద ఒక్కడే. గుండు మీద నల్ల రంగుతో కళ్లూ నోరూ గీసుకుని తల వంచుతాడు. అంతే, ఆ నడినెత్తే తండ్రి ముఖమైపోతుంది! ఆ తండ్రి వంటవాడు. వంగిన వీపు, చేతుల కదలిక చూస్తుంటే కింద కొడుకు ముఖం ఉందన్న సంగతే మర్చిపోతాం. నాకు మా నాన్న గుర్తొచ్చి కాసేపు మాట రాలేదు.

అందులోనే బెంగాలీ గోల పట్టని మేనకోడలికి కథ చెబుతాడు. తేనె కోసం అడవికి వెళ్లిన కుర్రాడి కథ. తెర మీద తెల్లటి గీతలతో అడవి లేస్తుంది, ఆ బొమ్మల మధ్య ఈయన నిజంగా నడుస్తూ వెళ్తాడు. నాట్యం, నాటకం, యానిమేషన్, కథ, ఏది ఎక్కడ మొదలైందో చెప్పలేం.

బుజ్జమ్మ కన్‌ఫ్యూజ్ అవుతోందని భయపడకు. కొన్నాళ్లు అలాగే ఉండనీ. కూచిపూడి మాత్రం గురువు గారి దగ్గర గట్టిగా సాధన చేయించు. అక్రమ్ కూడా కథక్ వదల్లేదు, అదే ఆయన బలం.

ఆదివారం వీడియో కాల్ చేసినప్పుడు ఫోన్ దానికివ్వు. ఈమధ్య తనే ఏదో కూర్చిందన్నావుగా, నాకు చేసి చూపించమను. ఏ అడుగు ఎక్కడిదో నేనే అడుగుతాను.

నీ
మూర్తి